పైమాల్ బొమ్మ జర్నల్ సైజుకి: 300 డీపీఐ పెట్టినా "రిజల్యూషన్ చాలదు" అని ఎందుకు తిప్పి పంపుతున్నారు?

లైగాండ్_లోకం:

నమస్కారమండీ. ప్రోటీన్-లైగాండ్ (ప్రోటీన్‌కి అతుక్కునే చిన్న అణువు) పేపర్ ఒకదానికి నాలుగు ప్యానెళ్ల బొమ్మ కావాలి. జర్నల్ అడిగింది ఇది: రెండు కాలమ్‌ల వెడల్పు 178 మి.మీ., కలర్ బొమ్మకి కనీసం 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని పిక్సెళ్లని), అచ్చులో అక్షరం 6 పాయింట్లకి తగ్గకూడదు, టిఫ్ ఫైల్, 10 ఎంబీ దాటకూడదు.

ప్యానెల్ ఏ: మొత్తం డైమర్ (జతగా ఉన్న రెండు ప్రోటీన్ చైన్లు), కార్టూన్ (ప్రోటీన్‌ని రిబ్బన్‌లా గీసే తీరు). బీ: యాక్టివ్ సైట్ (లైగాండ్ కూర్చునే చోటు) క్లోజప్, హైడ్రోజన్ బంధాలకి చుక్కల గీతలు, రెసిడ్యూల (అమైనో ఆమ్లాల) పేర్లు. సీ: లైగాండ్ చుట్టూ ఎలక్ట్రాన్ డెన్సిటీ మెష్ (వల). డీ: మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్ గ్రాఫుల లైబ్రరీ) గీసిన ఇన్‌హిబిషన్ కర్వ్. మా స్ట్రక్చర్ ఇంకా విడుదల కాలేదు కాబట్టి ఏ, బీలకి ఉదాహరణగా ప్రోటీన్ డేటా బ్యాంక్‌లోని 1హెచ్‌ఎస్‌జీ అనుకోండి (ఇండినావిర్ అనే మందు కూర్చున్న హెచ్‌ఐవీ ప్రోటియేజ్, రిజల్యూషన్ 2.0 ఆంగ్‌స్ట్రామ్; ఆంగ్‌స్ట్రామ్ అంటే మి.మీ.లో కోటో వంతు). ఎవరైనా దించుకుని ప్రయత్నించవచ్చు.

ఇప్పటిదాకా చేసినవి:

పైమాల్ (అణువుల త్రీడీ బొమ్మలు గీసే ప్రోగ్రామ్) విండో 1280×960లో ఉంచి రే (నాణ్యమైన బొమ్మ తీసే కమాండ్) కొట్టి సేవ్ చేశా. ఫొటో ఎడిటర్ గింప్‌లో తెరిస్తే 72 డీపీఐ, 45 సెం.మీ. అని చూపించింది. ప్రింట్ సైజ్‌లో 300 పెడితే వెడల్పు 10.8 సెం.మీ.కి పడిపోయింది. స్కేల్ ఇమేజ్‌లో 178 మి.మీ., 300 డీపీఐ పెట్టి పెంచితే అంకెలు సరిపోయాయి గానీ బొమ్మ మసకబారింది.

ఇలా కాదని రే 4200, 3150 కొట్టా. చాలాసేపు పట్టింది. తీరా చూస్తే మెష్ దాదాపు మాయం, చుక్కల గీతలు సన్నబడ్డాయి, రెసిడ్యూ పేర్లు చీమల్లా ఉన్నాయి.

చివరికి నాలుగూ పవర్‌పాయింట్‌లో పేర్చి టిఫ్‌గా ఎగుమతి చేసి పంపితే "రిజల్యూషన్ చాలదు" అని తిప్పి పంపారు. ఎక్కడ తప్పుతోందో చెప్పగలరా?

---

పిక్సెల్_మేస్త్రి:

మీరు తెర దగ్గర మొదలుపెట్టి కాగితం వైపు నడుస్తున్నారు. అటు నుంచి ఇటు రావాలి. కాగితం మీద ఆ ప్యానెల్ ఎన్ని మిల్లీమీటర్లు ఉండబోతోందో తేలే వరకు పైమాల్‌లో రే కొట్టకండి.

ముందు డీపీఐ సంగతి. పైమాల్ ఇచ్చే ఫైల్లో నిజంగా ఉన్న సరుకు పిక్సెళ్లే. డీపీఐ అన్నది ఫైలుకి అంటించిన చీటీ. నూనె సీసా మీద చీటీ మార్చినంత మాత్రాన లోపల నూనె పెరగదు కదా. గింప్‌లో ప్రింట్ సైజ్ చేసింది చీటీ మార్చడం: 1280 పిక్సెళ్లని 300తో భాగిస్తే 4.27 అంగుళాలు, అంటే మీకు కనిపించిన ఆ 10.8 సెం.మీ. స్కేల్ ఇమేజ్ చేసింది సీసాలో నీళ్లు పోయడం: 1280 పిక్సెళ్ల నుంచి 2102 పిక్సెళ్లు ఊహించి నింపింది. మసక అందుకే.

పవర్‌పాయింట్ విషయం ఇంకా సులువు. మామూలు వైడ్ స్లైడ్ 13.33×7.5 అంగుళాలు, ఎగుమతి 96 డీపీఐలో. అంటే మీరు లోపల ఎంత పెద్ద బొమ్మ పెట్టినా బయటికొచ్చేది 1280×720. దాన్ని 178 మి.మీ.కి పరిస్తే 183 డీపీఐ కూడా నిండదు. జర్నల్ వాళ్లు చెప్పింది నిజమే.

ఇప్పుడు లెక్క. పిక్సెళ్లు = మిల్లీమీటర్లు ÷ 25.4 × డీపీఐ. మీ 178 మి.మీ.లో రెండు ప్యానెళ్లు పక్కపక్కన, మధ్యలో 4 మి.మీ. ఖాళీ వదిలితే ఒక్కోటి 87 మి.మీ. ఎత్తు 65 మి.మీ. అనుకుందాం. 300 డీపీఐలో 1028×768, 600లో 2055×1535. నేనైతే 600లో తీస్తాను. కార్టూన్ అంచులు, చుక్కల గీతలు 300లో మెట్లుమెట్లుగా కనిపించే అవకాశం ఉంది. అంతకన్నా పైకి వెళ్లక్కర్లేదు. కొన్ని జర్నళ్లు అడిగే 1200 డీపీఐ నలుపు-తెలుపు లైన్ ఆర్ట్‌కి, నీడలున్న రెండర్‌కి కాదు.

పైమాల్‌లో ఈ భాగాహారం చేతితో చేయక్కర్లేదు. పీఎన్‌జీ కమాండ్‌కి సెంటీమీటర్లలోనే చెప్పొచ్చు. (కమాండ్లన్నీ పలికే తీరున తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.)

వ్యూపోర్ట్ 870, 650
పీఎన్‌జీ ప్యానెల్_బి.పీఎన్‌జీ, విడ్త్=8.7సీఎం, హైట్=6.5సీఎం, డీపీఐ=600, రే=1

సీఎం అని యూనిట్ పెడితే డీపీఐ తప్పనిసరి. ఇలా తీస్తే చీటీ కూడా సరిగ్గా పడుతుంది, తర్వాత పేర్చేటప్పుడు పనికొస్తుంది.

ఇక మెష్ ఎందుకు మాయమైందంటే, పైమాల్‌లో కొన్ని కొలతలు ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటాయి, కొన్ని పిక్సెళ్లలో. స్టిక్కులు, కార్టూన్, గోళాలు ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటాయి కాబట్టి బొమ్మతో పాటే పెరుగుతాయి. మెష్_విడ్త్, డాష్_విడ్త్, లైన్_విడ్త్, మామూలు లేబుల్_సైజ్ పిక్సెళ్లలో. బొమ్మ ఎంత పెంచినా అవి అంతే ఉంటాయి, కాబట్టి పోలికలో చిక్కిపోతాయి. మీ 4200 పిక్సెళ్ల బొమ్మ 87 మి.మీ. గడిలో కూర్చుంటే అది 1226 డీపీఐ. ఒక పిక్సెల్ మెష్ గీత అచ్చులో 0.02 మి.మీ. తలవెంట్రుక కన్నా సన్నం. ఏ ప్రెస్సూ దాన్ని అచ్చేయలేదు. పైగా 4200×3150 అంటే 2055×1535 కన్నా నాలుగు రెట్లు పైనే పిక్సెళ్లు, అందుకే అంతసేపు పట్టింది.

మందు ఏమిటంటే, ఇవన్నీ ఆంగ్‌స్ట్రామ్‌లలోకి మార్చుకోవడం. దానికి కాగితం మీద ఒక ఆంగ్‌స్ట్రామ్ ఎన్ని మిల్లీమీటర్లో తెలియాలి. గెట్_వ్యూ కొట్టండి, 18 అంకెలు వస్తాయి. వాటిలో 12వది కెమెరా దూరం, మైనస్ గుర్తుతో ఉంటుంది. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (కెమెరా చూసే కోణం) డిఫాల్టు 20 డిగ్రీలైతే, మైనస్ తీసేసి దాన్ని 0.3527తో గుణిస్తే తెర ఎత్తులో ఎన్ని ఆంగ్‌స్ట్రామ్‌లు కనిపిస్తున్నాయో వస్తుంది. (10 డిగ్రీల ట్యాంజెంట్‌కి రెట్టింపు అది.) ఆ అంకె మైనస్ 56.7 ఉంటే 20 ఆంగ్‌స్ట్రామ్‌లు. 65 మి.మీ. ఎత్తులో 20 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి ఒక్కోటి 3.25 మి.మీ.

ఇక అంతా త్రైరాశికమే. ఒక పాయింటు 0.353 మి.మీ. చుక్కల గీత 0.75 పాయింటు మందం కావాలంటే 0.265 మి.మీ., అంటే 0.08 ఆంగ్‌స్ట్రామ్ వ్యాసం:

సెట్ డాష్_రేడియస్, 0.04
సెట్ మెష్_రేడియస్, 0.015
సెట్ స్టిక్_రేడియస్, 0.15

మెష్ విలువ పావు పాయింటుకి కొంచెం ఎక్కువ. స్టిక్ డిఫాల్టు 0.25, అంటే ఈ స్కేల్లో కాగితం మీద 1.6 మి.మీ. మందం. లైగాండ్ పైపుల ఫిట్టింగులా కనిపిస్తుంది. 0.15 పెడితే మిల్లీమీటరుకి వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది.

లేబుళ్లు పైమాల్‌లో పెట్టకండి. హైడ్ లేబుల్స్ కొట్టి, తర్వాత ఇంక్‌స్కేప్‌లో (వెక్టర్ డ్రాయింగ్ ప్రోగ్రామ్) 7 పాయింట్ల ఏరియల్‌తో రాయండి. తప్పదంటే లేబుల్_సైజ్‌కి మైనస్ విలువ ఇవ్వండి, మైనస్ అంటే ఆంగ్‌స్ట్రామ్‌లని అర్థం. 7 పాయింట్లు 2.47 మి.మీ., 3.25తో భాగిస్తే మైనస్ 0.76.

---

కార్టూన్_లూప్:

మేస్త్రి గారు చెప్పిన లెక్కకి రెండు షరతులు చేరుస్తా.

ఒకటి, పర్‌స్పెక్టివ్ ఆన్‌లో ఉంటే ఆ 3.25 మి.మీ. తిరుగుడు కేంద్రం ఉన్న లోతులో మాత్రమే నిజం. ముందున్న రెసిడ్యూ పెద్దగా, వెనకున్నది చిన్నగా వస్తుంది. క్లోజప్ ప్యానెల్‌లో సెట్ ఆర్థోస్కోపిక్, ఆన్ పెట్టేయండి, లోతుతో పని లేకుండా స్కేల్ ఒకటే అవుతుంది. స్కేల్ బార్ పెట్టే ఆలోచనుంటే ఇది తప్పనిసరి. పర్‌స్పెక్టివ్ బొమ్మ మీద స్కేల్ బార్ పెట్టడమంటే అబద్ధం ఆడటమే.

రెండు, వ్యూపోర్ట్ నిష్పత్తి ముందే పెట్టుకోమన్నారు చూడండి, అది దాటేయకండి. పైమాల్‌లో ఆ 20 డిగ్రీలు నిలువు కోణం. మీ విండో 4:3లో ఉండి, రే మాత్రం చదరంగా తీస్తే ఎత్తు అలాగే ఉండి పక్కలు తెగిపోతాయి. 1హెచ్‌ఎస్‌జీలో డైమర్‌ని అడ్డంగా పడుకోబెట్టి చదరపు ప్యానెల్ తీస్తే రెండు చివరలూ గాల్లో కలుస్తాయి. వ్యూపోర్ట్ మార్చాక మళ్లీ ఓరియెంట్ చేసుకుని, గెట్_వ్యూ ఇచ్చిన 18 అంకెల్ని స్క్రిప్టులో అతికించుకోండి. రివ్యూయర్ ఆరు నెలల తర్వాత "ఆ నీటి అణువు కూడా చూపించండి" అంటే అదే కోణం మళ్లీ దొరకాలి. ఈ స్ట్రక్చర్‌లో అడిగేది ఖాయంగా 308వ నీటినే, రెండు ఫ్లాపుల (లైగాండ్ మీద మూతల్లా ఉండే భాగాల) ఐసోలూసిన్ 50లనీ లైగాండ్‌నీ కలిపేది అదే.

600 డీపీఐ మీద మాత్రం నాది వేరే మాట. ప్యానెల్ ఏ లాంటి కార్టూన్‌కి యాంటీఎలియాస్ (అంచుల మెట్లు నునుపు చేసే సెట్టింగు) 2 పెట్టి 300లో తీస్తే అచ్చులో తేడా కనిపించదు. కనిపించేది రే_ట్రేస్_మోడ్ 1తో నల్ల అవుట్‌లైన్ వేసినప్పుడే. ఆ అవుట్‌లైన్ కూడా పిక్సెళ్లతో నడిచేదే, పెద్ద బొమ్మలో సన్నబడుతుంది, దానికి ఆంగ్‌స్ట్రామ్ మందు లేదు. కాబట్టి చివరి సైజులోనే తీసి చూసుకుని, చాలకపోతే రే_ట్రేస్_గెయిన్ సర్దుకోవాలి. చిన్న సైజులో బాగుందని పెద్ద సైజులో గుడ్డిగా తీస్తే రెండు వేర్వేరు బొమ్మలు వస్తాయి.

మిగతా సెట్టింగులు: బీజీ_కలర్ వైట్, సెట్ రే_షాడో, 0 (క్లోజప్‌లో నీడలు లైగాండ్ మీదే పడి ఆక్సిజన్ ఎరుపుని గోధుమ రంగు చేస్తాయి), సెట్ డెప్త్_క్యూ, 0 (దూరంలో ఉన్నవి పొగమంచులో ఉన్నట్టు మసకబారకుండా). పెద్ద కార్టూన్‌లో మాత్రం పొగమంచు కొంచెం ఉండనివ్వండి, లేకపోతే ముందు హెలిక్స్ ఏదో వెనకది ఏదో తెలియదు.

రంగుల విషయంలో ఒక చిన్న కమాండ్ ఎవరూ వాడరు: స్పేస్ సీఎంవైకే. తెర మీద మెరిసిపోయే పచ్చ, నీలం అచ్చులో చచ్చిపోతాయి. ఈ కమాండ్ ఇస్తే అచ్చులో రాగల రంగులకి దగ్గరగా ముందే చూపిస్తుంది. బెంగ పెట్టుకుని తిరిగి రావాలంటే స్పేస్ ఆర్‌జీబీ. రెండు చైన్లకి ఎరుపు, పచ్చ పెట్టకండి, ఎరుపు-పచ్చ తేడా కనబడని పాఠకులుంటారు. నీలం, నారింజ పెట్టండి.

---

మ్యాప్_మనిషి:

సీ ప్యానెల్ గురించి ఎవరూ చెప్పలేదు. మందం సరిచేసినా మెష్ ముద్దలా రావచ్చు. దానికి కారణం గీత కాదు, గడి.

2 ఆంగ్‌స్ట్రామ్‌ల మ్యాప్‌కి గ్రిడ్ సాధారణంగా రిజల్యూషన్‌లో మూడో వంతు, దాదాపు 0.67 ఆంగ్‌స్ట్రామ్. కాగితం మీద ఆంగ్‌స్ట్రామ్ 3.25 మి.మీ. అయితే గడి 2.2 మి.మీ., హాయిగా కనిపిస్తుంది. అదే మ్యాప్‌ని ఆంగ్‌స్ట్రామ్ 1 మి.మీ. వచ్చే చిన్న ప్యానెల్‌లో పెడితే గడి 0.67 మి.మీ., ముందు వెనక పొరలు కలిసి దోమతెరని మడత పెట్టినట్టుంటుంది. నునుపుగా ఉంటుందని చాలామంది మ్యాప్_డబుల్ కొడతారు. అది గ్రిడ్‌ని సగం చేస్తుంది, అంటే రద్దీ పెరుగుతుంది. తెర మీద జూమ్ చేసి చూస్తారు కాబట్టి అందంగానే ఉంటుంది. చిన్న ప్యానెల్‌కి మ్యాప్_డబుల్ వద్దు.

ఐసోమెష్ కొట్టేటప్పుడు కార్వ్=1.6 ఇచ్చి లైగాండ్ చుట్టూనే ఉంచండి, పక్క రెసిడ్యూల మెష్ కూడా పడితే మళ్లీ రద్దీ. కానీ కార్వ్ వాడినట్టు, సిగ్మా (మెష్ గీసిన డెన్సిటీ స్థాయి) ఎంతో, బొమ్మ కింద రాయండి. కార్వ్ బాగా బిగిస్తే డెన్సిటీ ఎక్కడ పెడితే అక్కడ లైగాండ్ ఆకారంలోనే కనిపిస్తుంది, రివ్యూయర్‌కి అనుమానం రావడం సహజం. రంగు కూడా చూసుకోండి. లేత నీలం మెష్, 0.25 పాయింటు గీత, తెల్ల బ్యాక్‌గ్రౌండ్: ఇది అచ్చులో తేలిపోతుంది. ముదురు నీలమో బూడిద రంగో వాడండి.

పైమాల్ లాంటిదే అయిన కైమెరాఎక్స్ వాడేవాళ్లకి కూడా సూత్రం ఇదే. విండోసైజ్ 870 650 అని నిష్పత్తి పెట్టుకుని, సేవ్ ప్యానెల్_సి.పీఎన్‌జీ విడ్త్ 2055 హైట్ 1535 సూపర్‌శాంపుల్ 3. విడ్త్ ఒక్కటే ఇస్తే ఎత్తు విండో నిష్పత్తిని బట్టి అదే తీసుకుంటుంది.

---

గ్రాఫు_గీతలు:

డీ ప్యానెల్‌కి రెండు మాటలు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ డిఫాల్టు 6.4×4.8 అంగుళాలు, అక్షరం 10 పాయింట్లు. దాన్ని 87 మి.మీ.కి కుదిస్తే 0.535 వంతు అవుతుంది, అక్షరం 5.35 పాయింట్లకి పడుతుంది. మీ జర్నల్ 6 అడిగింది. తెలియకుండానే దొరికిపోతారు.

ఫిగ్‌సైజ్‌ని మొదట్నుంచే 87/25.4, 65/25.4 పెట్టండి, అంటే 3.425, 2.559. ఫాంట్.సైజ్ 7, యాక్సిస్ గీత 0.5, డేటా గీత 1. తర్వాత ఎక్కడా సాగదీయకండి, కుదించకండి.

అసలు ఉచ్చు సేవ్‌ఫిగ్‌లో బీబాక్స్_ఇంచెస్=టైట్. చుట్టూ ఖాళీ కోసేసి బొమ్మ సైజునే మార్చేస్తుంది. మీరు 87 మి.మీ. అడిగితే 82 కావచ్చు, అక్షరం పొడవును బట్టి 90 కూడా కావచ్చు. తర్వాత పేర్చేటప్పుడు దాన్ని 87కి లాగుతారు, ఫాంట్ 7 కాస్తా 7.4 అవుతుంది, పక్క ప్యానెల్‌తో కలవదు. బదులుగా సబ్‌ప్లాట్స్‌కి లేఔట్=కన్‌స్ట్రెయిన్డ్ ఇవ్వండి, అంచులు లోపలే సర్దుకుంటాయి, సైజు మారదు.

గ్రాఫుని పీఎన్‌జీగా తీయకండి, పీడీఎఫ్ గానీ ఎస్‌వీజీ గానీ తీయండి. పీడీఎఫ్.ఫాంట్‌టైప్ 42 పెట్టకపోతే డిఫాల్టు టైప్ 3 ఫాంట్లు వస్తాయి, కొన్ని సబ్‌మిషన్ సైట్లు వాటిని ఒప్పుకోవు, ఇలస్ట్రేటర్‌లో అక్షరాలు సరిదిద్దడమూ కష్టం.

---

లైగాండ్_లోకం:

అందరికీ ధన్యవాదాలు. లెక్క ప్రకారం ఏ, బీ, సీ మూడూ తీశాను. బీలో మైనస్ 56.7 వచ్చే దాకా జూమ్ సర్దా, ఏలో 50 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎత్తు కోసం మైనస్ 141.8. మెష్, గీతలు చక్కగా ఉన్నాయి.

నాలుగు సందేహాలు మిగిలాయి. పేర్చడం ఎందులో? 600లో మొత్తం బొమ్మ 10 ఎంబీ దాటుతోంది. ఇంకొకటి విచిత్రం: 300లో తీసి ఒక చెకర్‌లో వేస్తే 299.999 డీపీఐ, ఫెయిల్ అంటోంది! ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్‌తో తీసిన ఏ ప్యానెల్ టిఫ్‌లోకి మార్చగానే వెనక నల్లగా అయిపోయింది.

---

పిక్సెల్_మేస్త్రి:

299.999 మీ తప్పు కాదు. పీఎన్‌జీ ఫైల్లో రిజల్యూషన్‌ని మీటరుకి ఇన్ని పిక్సెళ్లు అని, అదీ పూర్ణాంకంలో రాస్తారు. 300 డీపీఐ అంటే మీటరుకి 11811.02, రాసేది 11811. తిరిగి అంగుళాల్లోకి మారిస్తే 299.9994. చెకర్ రాసినవాళ్లు "300 కన్నా తక్కువా" అని గుడ్డిగా పోల్చి ఉంటారు. టిఫ్‌లో ఈ గొడవ లేదు, అంగుళానికి సరిగ్గా 300 అని రాయొచ్చు. పిక్సెళ్లు ముట్టుకోకుండా చీటీ మాత్రం మార్చండి, కింద చెప్తా.

పేర్చడానికి ఇంక్‌స్కేప్. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో పేజీ 178×134 మి.మీ. (65, మధ్యలో 4, మళ్లీ 65). పీఎన్‌జీ ఇంపోర్ట్ చేసేటప్పుడు ఒక పెట్టె వస్తుంది. అందులో ఎంబెడ్ ఎంచుకోండి, లింక్ కాదు, లేకపోతే వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు బొమ్మ స్థానంలో ఎర్ర గుర్తు కనిపిస్తుంది. ఇమేజ్ డీపీఐ దగ్గర ఫ్రమ్ ఫైల్ ఎంచుకోండి. ఇప్పుడు ఆ చీటీ పనికొస్తుంది: ప్యానెల్ దానంతటదే 87 మి.మీ.గా దిగుతుంది. ఎక్స్, వై స్థానాలు 0, 91 మి.మీ. అని అంకెలతో ఇవ్వండి, మౌస్‌తో లాగొద్దు. మూలలు పట్టి లాగితే మీరు చేసిన త్రైరాశికం మొత్తం పోతుంది.

ప్యానెల్ అక్షరాలు 8 పాయింట్లు బోల్డ్, రెసిడ్యూ పేర్లు 7, రెండూ ఒకే ఫాంట్. గ్రాఫు ఎస్‌వీజీ కూడా ఇక్కడే దిగుతుంది, దాని అక్షరాలు కూడా 7లోనే ఉంటాయి కాబట్టి నాలుగు ప్యానెళ్లూ ఒకే చేతి రాతలా కనిపిస్తాయి.

ఫైల్ సైజు. 178×134 మి.మీ. 600 డీపీఐలో 4205×3165, మూడు ఛానెళ్లకి 39.9 ఎంబీ. 300లో 2102×1583, 9.98 ఎంబీ. ఇది కుదింపు లేకుండా. ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు పెడితే తెల్ల ఖాళీ ఎక్కువున్న బొమ్మ బాగా తగ్గుతుంది, ఒక్క పిక్సెల్ నాణ్యత పోదు. ఎంత తగ్గుతుందో బొమ్మని బట్టి ఉంటుంది, కాబట్టి ముందు 600 ప్రయత్నించండి. 10 దాటితే ఇంక్‌స్కేప్ నుంచే 400లోనో 300లోనో ఎగుమతి చేయండి. జేపెగ్ చేసి మళ్లీ టిఫ్ చేసే తెలివి మాత్రం వద్దు. గీతల చుట్టూ ముడతల్లా మచ్చలు వస్తాయి, టిఫ్‌లోకి మార్చినా పోవు.

నల్ల బ్యాక్‌గ్రౌండ్: ట్రాన్స్‌పరెంట్ పిక్సెల్‌కి కూడా లోపల ఒక రంగు ఉంటుంది, తరచుగా నలుపు. ఆల్ఫా ఛానెల్ (పారదర్శకత ఎంతో చెప్పేది) తీసేసినప్పుడు ఆ రంగు బయటపడుతుంది. ఆల్ఫా ఉంచితే నాలుగో ఛానెల్, 39.9 కాస్తా 53 ఎంబీ. తీసే ముందు తెలుపు మీద పరచాలి. ఇమేజ్‌మ్యాజిక్‌తో ఒకే దెబ్బకి:

మ్యాజిక్ మొత్తం.పీఎన్‌జీ -బ్యాక్‌గ్రౌండ్ వైట్ -ఆల్ఫా రిమూవ్ -ఆల్ఫా ఆఫ్ -యూనిట్స్ పిక్సెల్స్‌పర్‌ఇంచ్ -డెన్సిటీ 600 -కంప్రెస్ ఎల్‌జెడ్‌డబ్ల్యూ మొత్తం.టిఫ్

ఎగుమతి 300లో చేస్తే డెన్సిటీ కూడా 300. ఇందులో డెన్సిటీ చీటీనే మారుస్తుంది. దాని బదులు రీశాంపుల్ అని కొడితే పిక్సెళ్లు మారతాయి, జాగ్రత్త. గింప్‌లోనే చేయాలంటే ఫ్లాటెన్ ఇమేజ్ కొట్టే ముందు బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపులో ఉందో లేదో చూసుకోండి.

---

కార్టూన్_లూప్:

ఒకటి మర్చిపోయారు. పంపే ముందు పీడీఎఫ్ తెర మీద 100 శాతంలో చూసి సరే అనుకోకండి, తెర 100 శాతం అంటే కాగితం 100 శాతం కాదు. ఏ4 కాగితం మీద "యాక్చువల్ సైజ్"లో ప్రింట్ తీసి (ఫిట్ టు పేజ్ కాదు) స్కేలు పెట్టి 178 మి.మీ. ఉందో లేదో కొలవండి. చేతి దూరంలో పట్టుకుని యాస్పార్టేట్ 25 పేరు చదవగలిగితే చాలు.

మాన్యుస్క్రిప్ట్ వర్డ్‌లో ఉంటే అందులో అతికించిన కాపీని ఎవరికీ ఫైనల్‌గా పంపకండి. వర్డ్ డిఫాల్టుగా సేవ్ చేసేటప్పుడు 220కి కుదిస్తుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్, ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ కింద "డు నాట్ కంప్రెస్" టిక్కు పెట్టాలి, అదీ ఫైలు ఫైలుకీ. గైడ్‌తోనో సహ రచయితతోనో వాట్సాప్‌లో ఫొటోగా పంపి, వాళ్లు తిరిగి పంపినదాన్ని అప్‌లోడ్ చేసే పద్ధతి కూడా ఉంది మనవాళ్లలో. డాక్యుమెంట్‌గా పంపండి.

---

గ్రాఫు_గీతలు:

పవర్‌పాయింట్ వదల్లేమనే సహ రచయితలుంటారు కాబట్టి ఒక మాట. స్లైడ్ సైజుని కస్టమ్‌లో 17.8×13.4 సెం.మీ. పెట్టి, ఎగుమతి బొమ్మగా కాకుండా పీడీఎఫ్‌గా చేయండి, అక్షరాలు వెక్టర్‌గానే ఉంటాయి. బొమ్మగానే కావాలంటే విండోస్ రిజిస్ట్రీలో ఎక్స్‌పోర్ట్‌బిట్‌మ్యాప్‌రిజల్యూషన్ అనే విలువని 300 చేస్తే, మామూలు వైడ్ స్లైడ్ 1280×720 బదులు 4000×2250 వస్తుంది. పవర్‌పాయింట్‌లో కూడా ఆప్షన్స్‌లో కుదింపు ఆపడం మరవకండి, లేకపోతే అతికించిన రెండర్ లోపలే చిక్కిపోయి ఉంటుంది.

---

లైగాండ్_లోకం:

600లో ఎల్‌జెడ్‌డబ్ల్యూ టిఫ్ 10 ఎంబీ లోపే వచ్చింది, చెకర్ కూడా 600 అని చూపించి వదిలేసింది. ప్రింట్ తీసి కొలిస్తే 178 ఉంది. బీలో 308 నీటి చుక్క మాత్రం గ్రాఫ్ పక్కన చుక్కంత కనిపిస్తోంది, స్ఫియర్_స్కేల్ 0.25 నుంచి 0.35 చేసి మళ్లీ తీస్తున్నా.